కోడు రాసేవాడికి చట్టంతో పనేంటి?

మన ఫీల్డులో కెరీర్ అనగానే అందరికీ ఒకే నిచ్చెన గుర్తొస్తుంది. ట్రైనీగా చేరడం, రెండేళ్ళకి సీనియరు, ఆ పైన లీడు, ఆ పైన మేనేజరో ఆర్కిటెక్టో. మధ్యలో ఒక ఆన్‌సైట్, వీలైతే ఎమ్మెస్సు, ఇంకా అదృష్టం కలిసొస్తే గ్రీన్‌కార్డు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినప్పుడు గానీ, ఈ ఆరేళ్ళ ఉద్యోగంలో గానీ ఈ నిచ్చెన పక్కన ఇంకో దారి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మనం కట్టిన వ్యవస్థ జనం మీద ఎలా పనిచేస్తోందో పరిశోధించి, దానికి ఏ నియమాలుండాలో తేల్చే పని అది. పెద్దమాటల్లో చెప్పాలంటే టెక్నాలజీ, పబ్లిక్ పాలసీ పరిశోధన.

ఆ మధ్య ఇంటికెళ్ళినప్పుడు నా బ్యాగులో డేటా రక్షణ చట్టం ప్రింటవుటు చూసి మా బాబాయి, "ఏరా, బీటెక్ చదివి ఇప్పుడు లాయరువవుదామనా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్నకి సరైన జవాబు ఒకాయన జీవితంలో ఉంది. ఆయన పేరు విల్లిస్ వేర్. మీలో ఎంతమంది విన్నారో తెలియదు. వాన్ నాయ్‌మన్ పేరు మనందరం పరీక్షల కోసమైనా చదివాం కదా, ఆయన యంత్రానికి సర్క్యూట్లు కట్టినవాళ్ళలో ఈయన ఒకరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రభుత్వాలకి వ్యవస్థలు కట్టిపెట్టే ఇంజనీర్లకు మన దేశంలో కొదవలేదు. ఆ వ్యవస్థ ఏం చేయకూడదో కూర్చుని ఆలోచించే ఇంజనీర్లకే కరువు. ఈ కరువు వల్ల నష్టపోయేది మనం కాదు, రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్ళు.

ఇంతకీ ఎవరీ వేర్?

1920లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పుట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, తర్వాత ఎమ్ఐటీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ సంబంధమైన పని. 1946లో ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో వాన్ నాయ్‌మన్ కంప్యూటర్ ప్రాజెక్టులో చేరారు. మెమరీలోనే ప్రోగ్రామునీ, డేటానీ కలిపి ఉంచే పద్ధతి ప్రపంచమంతా పాకడానికి ఆ యంత్రమే పెద్ద కారణం. 1952లో కాలిఫోర్నియాలోని రాండ్ కార్పొరేషన్‌కి మారారు. అక్కడ జానియాక్ అనే కంప్యూటర్ కట్టిన బృందంలో పనిచేశారు, తర్వాత అక్కడి కంప్యూటర్ సైన్సు విభాగానికి అధిపతి అయ్యారు. 1992లో రిటైరయ్యేదాకా, అంటే నలభై ఏళ్ళు, ఒకే సంస్థ. మూడేళ్ళకోసారి కంపెనీ మారే మనకి ఇది వింతే :)

ఇక్కడిదాకా చూస్తే మంచి సిస్టమ్స్ ఇంజనీరు కథ. అసలు మలుపు 1960లలో వచ్చింది.

అప్పటిదాకా కంప్యూటర్ భద్రత అంటే గది భద్రత. తలుపుకి తాళం, బయట కాపలావాడు, లోపల ఒక్క యంత్రం. టైమ్ షేరింగ్ వచ్చాక కథ మారింది. ఒకే యంత్రానికి ఎన్నో టెర్మినళ్ళు. ఎక్కడో కూర్చున్న మనిషి టెలిఫోన్ తీగ మీదుగా లోపలికి రావచ్చు. ఇక తాళం ఎక్కడ వేయాలి? 1967లో అట్లాంటిక్ సిటీలో జరిగిన కంప్యూటర్ సమావేశంలో వేర్ ఈ విషయం మీద ఒక పత్రం చదివారు. ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్ మొదలయింది 1969లో. అంటే నెట్‌వర్క్ పుట్టకముందే దాని జబ్బు గురించి హెచ్చరించాడన్నమాట పెద్దాయన.

ఆ తర్వాత అమెరికా రక్షణశాఖ సలహామండలి కోసం ఒక కమిటీకి నాయకత్వం వహించి 1970లో నివేదిక ఇచ్చారు. ఇప్పటికీ దాన్ని 'వేర్ రిపోర్ట్' అనే పిలుస్తారు. అందులో తేల్చిన విషయం సూటిగా ఉంటుంది. ఎవరెవరో బయటినుంచి వాడుకునే యంత్రాన్ని అప్పటి టెక్నాలజీతో పూర్తిగా భద్రంగా ఉంచడం కుదరదని. భద్రత అనేది హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్‌ల విషయం మాత్రమే కాదు, తీగలూ మనుషులూ పని పద్ధతులూ అన్నీ కలిస్తేనే భద్రత అని. కాస్త ఆలోచించండి, డబ్బులిచ్చి అడిగిన సైన్యానికి "మీరడిగింది కుదరదు" అని రాసివ్వడం! మన దగ్గర క్లయింటుకి ఆ మాట ఈమెయిల్లో రాయడానికి కూడా ముగ్గురు మేనేజర్ల అనుమతి కావాలి.

చిన్న పిట్టకథ. 1983లో 'వార్ గేమ్స్' అనే సినిమా వచ్చింది. ఒక కుర్రాడు ఇంట్లో కంప్యూటర్ నుంచి సైనిక కంప్యూటర్‌లోకి దూరిపోయే కథ. ఇది నిజంగా జరిగేపనేనా అని సినిమా రచయితలు వెళ్ళి అడిగింది వేర్‌నే. జరగొచ్చన్నారాయన. ఆ సినిమా చూసిన అధ్యక్షుడు రీగన్ కూడా తన సైన్యాధికారిని అదే ప్రశ్న అడిగారట. 1984లో కంప్యూటర్ భద్రత మీద అధ్యక్ష ఆదేశం ఒకటి వచ్చింది. పదమూడేళ్ళ పాటు నివేదిక చేయలేని పని రెండుగంటల సినిమా చేసింది! పాలసీ పరిశోధన ఎంత నెమ్మదైన పనో ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తాళం ఎవరి చేతిలో ఉంది?

భద్రత గురించి ఆలోచించినవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఇంకో ప్రశ్న ఎదురవ్వాలి. దొంగ లోపలికి రాకుండా తాళం వేశాం, బాగానే ఉంది. కానీ తాళంచెవి చేతిలో ఉన్న సంస్థే నా రికార్డుని నాకు వ్యతిరేకంగా వాడితే? పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాడు, అనుమతి ఉంది, లాగ్‌లో తప్పేమీ లేదు. భద్రత ప్రకారం అంతా సవ్యమే. అన్యాయం మాత్రం జరిగిపోయింది. భద్రతకీ, వ్యక్తిగత గోప్యతకీ తేడా ఇక్కడుంది.

అమెరికాలో 1965 నుంచి దేశంలోని గణాంకాలన్నీ ఒకేచోట పెట్టే జాతీయ డేటా కేంద్రం ప్రతిపాదన మీద పెద్ద గొడవ నడిచింది. 1966లో పార్లమెంటరీ విచారణలు జరిగాయి. ప్యాకెట్ స్విచింగ్ ఆలోచనకి ఆద్యుల్లో ఒకరైన పాల్ బారన్ వెళ్ళి సాక్ష్యం చెప్పారు. ఆయన కూడా రాండ్ ఇంజనీరే. చివరికి ఆ ప్రతిపాదన అటకెక్కింది.

1972లో అమెరికా ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ ఒక సలహాసంఘం వేసింది. గమనించండి, సంక్షేమ శాఖ. పింఛన్లు, వైద్యసాయం, పిల్లల చదువులు చూసే శాఖ. కంప్యూటర్లలోకెక్కిన పౌరుల రికార్డులని ఏం చేయాలన్నది ప్రశ్న. అందులో న్యాయ ఆచార్యుడు ఆర్థర్ మిల్లర్ ఉన్నారు. ఎలైజా అనే మాట్లాడే ప్రోగ్రాము రాసిన జోసెఫ్ వైజెన్‌బామ్ ఉన్నారు. వేర్ అధ్యక్షతన 1973 జులైలో నివేదిక బయటికొచ్చింది. దాని గుండెకాయ ఐదు సూత్రాలు. నా మాటల్లో చెబుతాను:

1. మనుషుల వివరాలు దాచే ఏ వ్యవస్థా, అది ఉందన్న సంగతే ఎవరికీ తెలియనంత రహస్యంగా ఉండకూడదు.
2. నా గురించి ఏం రాసుకున్నారో, దాన్ని ఎలా వాడుతున్నారో తెలుసుకునే దారి నాకుండాలి.
3. ఒక పని కోసం నేనిచ్చిన వివరాన్ని నన్నడక్కుండా ఇంకో పనికి వాడితే ఆపే దారి ఉండాలి.
4. నా రికార్డులో తప్పుంటే దిద్దించుకునే దారి ఉండాలి.
5. రికార్డులు పెట్టుకున్న సంస్థ అవి ఆ పనికి నమ్మదగ్గవేనని చూసుకోవాలి, దుర్వినియోగం కాకుండా కాపాడాలి.

అంతే! వంద పేజీల చట్టం కాదు, ఐదు వాక్యాలు. వీటి మీదే 1974 చివర్లో అమెరికా ప్రైవసీ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన అధ్యయన సంఘానికి వేర్ ఉపాధ్యక్షులు. 1980లో ఓఈసీడీ మార్గదర్శకాలు ఈ దారిలోనే నడిచాయి. 2018లో అమల్లోకొచ్చిన యూరప్ జీడీపీఆర్‌లోనూ ఈ రక్తమే. మన దేశంలో జస్టిస్ ఏపీ షా నిపుణుల బృందం 2012లో చెప్పిన తొమ్మిది సూత్రాలు చదివినా ఈ ఐదుగురి పోలికలు కనిపిస్తాయి.

ఇప్పుడు వీటిని ఇంజనీరు కళ్ళతో మళ్ళీ చదవండి. రెండోది రీడ్ యాక్సెస్, ఆడిట్ లాగ్. మూడోది డేటా ఏ పని కోసం వచ్చిందో దానితోపాటే రాసిపెట్టుకోవడం. నాలుగోది అప్‌డేట్. అదీ ఒక్కచోట కాదు, ఆ రికార్డు ఎన్నిచోట్లకి కాపీ అయిందో అన్నిచోట్లా. ఐదోది డేటా నాణ్యత. ఇది చట్టం వేషంలో ఉన్న రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్! యంత్రం లోపల ఏది సాధ్యమో, ఏది జారిపోతుందో తెలిసినవాడు ఆ గదిలో కూర్చున్నాడు కాబట్టే, సూత్రాలు గాలిలో కాకుండా నేలమీద ఉన్నాయి. లాయర్లు మాత్రమే రాసుంటే "గోప్యతను గౌరవించవలెను" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారని నా అనుమానం.

మన దగ్గర బండి ముందు, రోడ్డు తర్వాత

మన సంగతికొద్దాం. ఆధార్ సంస్థ 2009లో ఏర్పడింది. మొదటి నంబరు 2010 సెప్టెంబరులో ఇచ్చారు. దానికి పార్లమెంటు చట్టం వచ్చింది ఎప్పుడనుకున్నారు? 2016లో. ఆ ఏడాది ఏప్రిల్ మొదటివారానికే 100 కోట్ల నంబర్లు దాటినట్టు ప్రకటించారు. అంటే ఊరంతా బండ్లెక్కాక రోడ్డు నియమాలు రాశామన్నమాట. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది 2017 ఆగస్టు 24న. ఆ కేసు వేసింది పుట్టస్వామి గారని ఒక రిటైర్డ్ జడ్జి. ఇంజనీరు కాదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకి మళ్ళీ 18 నెలల గడువు.

ఆధార్ మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టడంలేదు. బ్యాంకు ఖాతా తెరవడం ఎంత సులువైందో నాకూ తెలుసు. నేను చెప్పేది వరస గురించి. కోడు ముందొచ్చి చట్టం తర్వాత వస్తే, ఆ మధ్యకాలంలో చట్టం కోడే. అందులో ప్రతి డిఫాల్టూ ఒక విధాన నిర్ణయమే. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారంటే, డెడ్‌లైన్ ముందు రాత్రి మనలాంటివాడొకడు.

తెలంగాణలో జరిగిందే చూడండి. 2014 తర్వాతి ఏళ్ళలో లక్షల సంఖ్యలో, సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసివ్వలేదన్నది కోర్టుకెళ్ళినవాళ్ళ ఫిర్యాదు. కారు లేని పేదకుటుంబానికి కారుందని రికార్డు చూపించడం వల్ల కార్డు పోయిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. వేర్వేరు శాఖల డేటాబేసులని కలిపి మనిషికి మనిషిని జతచేసే సాఫ్ట్‌వేర్ మీద అప్పుడే చర్చ మొదలైంది. 2022లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులని మళ్ళీ పరిశీలించమని చెప్పాల్సి వచ్చింది. ఆ ఐదు సూత్రాలు పక్కనపెట్టి చూడండి. నా రికార్డులో ఏముందో నాకు తెలియదు, ఎవరు ఎక్కణ్ణుంచి తెచ్చారో తెలియదు, తప్పుంటే ఎవరికి చెప్పాలో తెలియదు. 1973లో రాసిపెట్టిన జాగ్రత్తల్లో రెండోదీ, నాలుగోదీ ఉండుంటే కథ వేరేగా ఉండేది. దొంగ కార్డులు ఏరొద్దని ఎవరూ అనరు. ఏరేటప్పుడు "మీకు కారున్నట్టు చూపిస్తోంది, నిజమేనా?" అని ఒక్కమాట అడగడానికి పట్టే ఖర్చెంత?

పేర్లని జతచేయడం ఎంత కష్టమో మన తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా? ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒట్టి పొడి అక్షరం. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు కొన్ని కాగితాల్లో మారుతుంది, కొన్నింట్లో మారదు. లక్ష్మి అన్న పేరుని ఇంగ్లీషులో ఒక గుమాస్తా ఎక్స్ పెట్టి రాస్తాడు, ఇంకొకడు కె ఎస్ హెచ్ పెట్టి రాస్తాడు. వెంకటేశ్వర్లు ఆధార్‌లో వెంకటేశ్వరరావవుతాడు. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో నలుగురు నాగమణులుంటారు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో (ఎవరి కోసమన్నది అప్రస్తుతం) సరిగ్గా ఇదే పని. రెండు జాబితాల్లో పేర్లు పోల్చి, పోలిక ఎంతుందో స్కోరు ఇవ్వాలి. ఎంత దాటితే "ఇద్దరూ ఒకరే" అనాలి? మీటింగులో ఎవరో ఎనభై అన్నారు. ఇంకెవరో సరే అన్నారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "ఒకవేళ తప్పుగా జతపడితే ఆ మనిషికి స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది? ఎవరికి చెప్పుకోవాలి?" అని నేనడిగితే, అది మన స్కోప్‌లో లేదన్నారు. నిజమే, లేదు. విచారించి చూస్తే ఎవరి స్కోప్‌లోనూ లేదు! క్లయింటు అది టెక్నికల్ విషయం అనుకున్నాడు, మావాళ్ళు అది క్లయింటు విధానం అనుకున్నారు. ఎనభై అన్న అంకె మాత్రం ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయింది. ఏ శాసనసభలోనూ చర్చకు రాని శాసనం అది.

విల్లిస్ వేర్ లాంటివాళ్ళ పని సరిగ్గా ఈ సందులో ఉంది. అటు అధికారికీ, ఇటు ప్రోగ్రామరుకీ చెందకుండా నేలపాలయ్యే ప్రశ్నని ఎత్తి బల్లమీద పెట్టడం.

అలాగని మన దగ్గర మంచి ఉదాహరణే లేదనుకోవద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధిహామీ పనులకి సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే పెట్టారు. పనుల లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఉండేవి, ఎవరైనా చూడొచ్చు. వాటిని అచ్చువేసి ఊళ్ళోకి తెచ్చి గ్రామసభలో అందరి ముందు చదివేవారు. "ఫలానా ఆయన ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత కూలి తీసుకున్నాడు" అని చదవగానే, "నేనెక్కడ చేశాను బాబూ!" అని ఆ ఫలానా ఆయనే లేచి నిలబడే వీలుండేది. నా రికార్డు నాకు తెలియాలి, తప్పయితే దిద్దాలి అన్న సూత్రాలకి ఇంతకంటే చక్కటి అమలు నేనెక్కడా చదవలేదు. అదే కంప్యూటరు, అదే డేటాబేసు. ఎటువైపు తిప్పిపెట్టామన్నదే తేడా. ఒకచోట తెర అధికారి వైపుంది, ఇంకోచోట ఊరివైపుంది.

"ఇంజనీర్లే కదా ఇవన్నీ తెచ్చింది?"

ఈ మాట అంటారని తెలుసు. నిజమే. ఆధార్‌ని నడిపించింది నందన్ నిలేకని గారి లాంటి సాఫ్ట్‌వేర్ దిగ్గజమే, చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది ఇంజనీర్లే. కాబట్టి ప్రభుత్వంలోకి ఇంజనీర్లు వెళ్తే అన్నీ బాగుపడతాయని నేననను. వెళ్ళేవాళ్ళు రెండు రకాలు. "నేను కట్టిపెడతాను" అని వెళ్ళేవాడొకడు. "కట్టేముందు ఇది చూడండి" అని వెళ్ళేవాడు ఇంకొకడు. మొదటివాడికి ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోవాడికి ఒక నివేదిక, దానిమీద దుమ్ము. ఇద్దరూ కావాలి. మన దగ్గర మొదటి రకం వరసకట్టి ఉన్నారు, రెండోరకాన్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది. విధానాలు నిర్ణయించాల్సింది జనం ఎన్నుకున్నవాళ్ళు, ఇంజనీర్లెవరు మధ్యలో? ఒప్పుకుంటాను. ఎనభై ఉండాలా తొంభై ఉండాలా అన్నది నేను తేల్చకూడదు. కానీ ఎనభై అయితే ఎంతమంది అర్హులు పోతారో, తొంభై అయితే ఎంతమంది అనర్హులు మిగులుతారో లెక్కకట్టి, ఇదీ మీరు చేస్తున్న బేరం అని చెప్పగలిగేది మాత్రం ఇంజనీరే. చెప్పకపోతే, ఎన్నుకున్నవాళ్ళకి తాము నిర్ణయం తీసుకున్నామని కూడా తెలియదు.

వేర్‌ని దేవుణ్ణి చేసే ఉద్దేశం కూడా లేదు. రాండ్ నడిచిందే ప్రధానంగా సైన్యం డబ్బుతో. 1970 నివేదిక 1975 దాకా రహస్యంగానే ఉంది. 1974 చట్టం ప్రభుత్వ సంస్థలకే, అదీ కేంద్ర ప్రభుత్వ సంస్థలకే వర్తించింది. ప్రైవేటు కంపెనీలు తప్పించుకున్నాయి, ఆ తర్వాత మన వివరాలు అమ్ముకునే వ్యాపారాలు ఎలా పెరిగాయో తెలిసిందే. అన్నిటికీ ఒకే గుర్తింపు నంబరు వద్దని ఆయన కమిటీ చెప్పినా, అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంచుమించు అలాగే తయారైంది. ఆయన 2013 నవంబరులో, 93వ ఏట పోయారు. అదే ఏడు జూన్‌లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో అమెరికా ప్రభుత్వ నిఘా ఎంతదాకా పోయిందో లోకానికి తెలిసింది. అంటే ఒక జీవితకాలం చెప్పినా వినని సందర్భాలే ఎక్కువ.

మరి ఎందుకంత శ్రమ? రాసిపెట్టిన మాట ఉండటం వల్ల. 1973లో ఆ ఐదు వాక్యాలు లేకపోతే, తర్వాత కోర్టుకెళ్ళినవాడు ఏ కొలబద్ద చూపించి అడగాలి? కొలబద్ద ఉంటే కనీసం ఎంత తక్కువ తూగారో చెప్పొచ్చు.

డబ్బు సంగతి, ఇంట్లో సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ దారిలో అన్నం దొరుకుతుందా?

మన జీతాలతో పోలిస్తే తక్కువే, అబద్ధమాడను. ఫ్లాట్ ఈఎమ్ఐ ఉన్నవాడికి, చెల్లెలి పెళ్ళి చేయాల్సినవాడికి "రేపే రాజీనామా చెయ్" అని చెప్పే అధికారం నాకులేదు. నేనూ చేయలేదు. కానీ దారి అసలు లేదనడం తప్పు. కార్నెగీ మెలన్‌లో ఇంజనీరింగ్, పబ్లిక్ పాలసీ అని ఏకంగా ఒక విభాగమే ఉంది. ఎమ్ఐటీలో టెక్నాలజీ, పాలసీ కోర్సు 1970ల నుంచీ నడుస్తోంది. మన దగ్గర ఢిల్లీ ఐఐటీలో పబ్లిక్ పాలసీ స్కూలుంది, బొంబాయి ఐఐటీలో పాలసీ అధ్యయన కేంద్రముంది. ఏటా ఎమ్మెస్సుకి అప్లై చేసే మన పిల్లల్లో నూటికి ఒక్కరైనా వీటివైపు చూస్తే చాలు.

మనవాళ్ళ ఉదాహరణే కావాలంటే పుణెలోని ప్రయాస్ సంస్థని చూడండి. దాన్ని నడిపినవాళ్ళలో గిరీశ్ సంత్ గారు బొంబాయి ఐఐటీలో చదివిన ఇంజనీరు. 1990లలో మహారాష్ట్రలో ఎన్రాన్ కంపెనీ దాభోల్ విద్యుత్ ప్రాజెక్టు వచ్చినప్పుడు, అందరూ స్వదేశీ, విదేశీ అని గొంతులు చించుకుంటుంటే, వీళ్ళు ఒప్పందం ముందేసుకుని లెక్కలు కట్టారు. యూనిట్ ఎంత పడుతుంది, వాడుకున్నా వాడుకోకపోయినా బోర్డు కట్టాల్సిందెంత అని. ఆ కరెంటు ఖరీదు భరించలేక 2001లో విద్యుత్ బోర్డు కొనడం ఆపేసింది. సంత్ గారు 2012లో చిన్నవయసులోనే పోయారు. ఆయన పేరు ఎంతమంది ఇంజనీరింగ్ విద్యార్థులకి తెలుసు? ఏ కంపెనీ సీఈఓ జీతమెంతో మాత్రం మన పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు.

ఉద్యోగం మానకుండా చేయగలిగేవి కూడా ఉన్నాయి. చట్టాల ముసాయిదాలు వచ్చినప్పుడు అభిప్రాయాలు పంపమని ప్రభుత్వమే అడుగుతుంది. ఫార్వర్డ్ మెసేజీల మీద పెట్టే సమయంలో పదోవంతు దానిమీద పెడితే, "ఈ సెక్షన్ ఇలా రాస్తే సాఫ్ట్‌వేర్‌లో ఇలా అమలవుతుంది, అప్పుడు ఫలానావాడికి నష్టం" అని ఒక పేజీ రాయొచ్చు. ఆ పేజీ లాయరు రాయలేడు. సమాచార హక్కు కింద ఒక వ్యవస్థ గురించి ఏం అడగాలో, ఇచ్చిన జవాబులో ఏది దాటేశారో మనకి తెలిసినంత విలేఖరికి తెలియదు. 2023 చట్టం ప్రకారం జనం తమ డేటా చూసుకునే, దిద్దించుకునే స్క్రీన్లు చాలా ఆఫీసుల్లో తయారుకావాలి. అవి కట్టేది మనమే. "దిద్దుబాటు" అన్న బటన్ నొక్కితే నిజంగా అన్ని కాపీల్లోనూ దిద్దుబాటవుతుందా, లేక ఎవరూ చూడని మెయిల్‌బాక్స్‌కి పోతుందా అన్నది మన టీముల్లోనే తేలుతుంది.

మా బాబాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే: లాయరునవ్వడానికి కాదు బాబాయ్, నేను రాసే కోడు ఎవరి మీద చట్టమై కూర్చుంటుందో తెలుసుకోవడానికి.

మీ దగ్గర కూడా ఇలాంటి "ఎనభై" ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. అది ఎవరు నిర్ణయించారు? తప్పయితే అవతలి మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? ఈ వారం మీ టీమ్ మీటింగులో ఈ రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ఏం జవాబొచ్చిందో నాకూ చెప్పండి, వినాలనుంది.